డిఫెండర్‌కు గిట్టని బంతి

1990లో ఇటలీలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఐర్లాండ్ జట్టు లెక్కలు చూస్తే ముందు నవ్వొస్తుంది. ఆడిన మ్యాచ్‌లు ఐదు. కొట్టిన గోల్స్ రెండు. నిర్ణీత సమయంలో గాని, అదనపు సమయంలో గాని గెలిచిన మ్యాచ్ ఒక్కటీ లేదు. అయినా ఆ జట్టు క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ ఇటలీ చేతిలో ఓడి ఇంటికి తిరిగొస్తే, డబ్లిన్ వీధుల్లో ఐదు లక్షల మంది దాకా నిలబడి స్వాగతం పలికారని అప్పటి అంచనా. దేశ జనాభా మొత్తం కలిపి 35 లక్షలు.

అన్నిటికంటే వింత ఏమిటంటే, ఆ జనం అంత మురిసిపోయింది ఆ జట్టును ఎంచి ఆడించిన మేనేజర్‌ను, ఒక ఇంగ్లిష్ మనిషిని చూసి. ఏ పాలన నుంచి విడిపోవడానికి ఐర్లాండ్ ఆయుధం పట్టిందో ఆ దేశపు చొక్కా వేసుకుని 1966లో ప్రపంచకప్ గెలిచిన జాక్ చార్ల్‌టన్‌ను చూసి.

ఇదంతా అదృష్టమని తేల్చేసినవాళ్లున్నారు. మొరటు ఆటతో నెట్టుకొచ్చాడని ఈసడించినవాళ్లున్నారు. మహా మేధావి అని నెత్తిన పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే ఈ చిక్కుముడికి కొస మరోచోట దొరుకుతుందని నాకు అనిపిస్తుంది. జాక్ ఇరవై ఏళ్లు సెంటర్ బ్యాక్‌గా, అంటే సొంత గోల్ ముందు మధ్యలో నిలిచే డిఫెండర్‌గా ఆడాడు. ఎలాంటి బంతి వస్తే డిఫెండర్ కాళ్లు తడబడతాయో అతనికి పుస్తకాల వల్ల కాక ఒంటి నొప్పుల వల్ల తెలుసు. మేనేజర్ అయ్యాక సరిగ్గా ఆ బంతినే ఎదుటి డిఫెండర్ల మీదికి పంపించాడు. అతని కథంతా దాదాపుగా ఇంతే. కాకపోతే ఆ ‘ఇంతే’ వెనుక చాలా ఉంది.

ఇంగ్లండ్ ఈశాన్య మూలన, నార్తంబర్లాండ్‌లో ఆషింగ్టన్ అనే బొగ్గు గనుల పట్టణం ఉంది. జాక్ అక్కడ 1935 మే 8న పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. ఫుట్‌బాల్ వచ్చింది తల్లి వైపు నుంచి. ఆ తల్లి సిస్సీ మిల్‌బర్న్ అన్నదమ్ములు నలుగురూ ప్రొఫెషనల్ ఆటగాళ్లే. న్యూకాజిల్ జనం ఆరాధించిన జాకీ మిల్‌బర్న్ కూడా ఆ ఇంటి బంధువే. ఇంత వంశం ఉండీ, ఊరి కళ్లన్నీ జాక్ మీద కాక రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు బాబీ మీద ఉండేవి. బంతి బాబీ మాట వినేది. జాక్‌కు చేపల గాలం, పొడవాటి కాళ్లు, నోటి దురుసు ఉండేవి.

పదిహేనేళ్లప్పుడు లీడ్స్ యునైటెడ్ నుంచి పిలుపు వస్తే జాక్ వద్దనుకున్నాడు. తండ్రిలాగే గనిలోకి దిగాడు. దిగాక ఆ బతుకు ఎలాంటిదో అర్థమై కొద్దికాలానికే రాజీనామా ఇచ్చాడు. పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. పోలీసు ఇంటర్వ్యూ, లీడ్స్ వాళ్ల సెలెక్షన్ మ్యాచ్ ఒకే రోజున పడ్డాయి. అతను మ్యాచ్‌కు వెళ్లాడు.

1953 ఏప్రిల్ 25న డాన్‌కాస్టర్ రోవర్స్ మీద మొదటి మ్యాచ్ ఆడాడు. అప్పటికి లీడ్స్ రెండో డివిజన్ జట్టు. మధ్యలో రెండేళ్లు తప్పనిసరి సైనిక సేవ. తిరిగొచ్చాక కూడా చాలాకాలం జాక్ ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆటగాడే. ఎవరు ఏం చెప్పినా ఎదురు వాదించేవాడు. జట్టులో సహచరుడిగా ఉన్న డాన్ రెవీకి ఈ ధోరణి బొత్తిగా నచ్చేది కాదు. 1961లో ఆ రెవీయే లీడ్స్ మేనేజర్ అయ్యాడు. ఇక జాక్ మూటాముల్లె సర్దుకోవలసిందేనని అందరూ అనుకున్నారు.

కానీ ఆ వాదించే గుణమే అతన్ని నిలబెట్టింది. 1962లో రెవీ పాతవాళ్లను పక్కనపెట్టి కుర్రాళ్లను జట్టులోకి తెచ్చాడు. స్వాన్సీలో జరిగిన ఒక మ్యాచ్‌లో జాక్ పక్కన కొత్త కుర్రాడు నార్మన్ హంటర్ నిలబడ్డాడు. అప్పటిదాకా అలవాటైన పద్ధతి ఒకటే: ఒక్కో డిఫెండర్ ఒక్కో ప్రత్యర్థిని నీడలా వెంటాడాలి. జాక్ దాన్ని కాదన్నాడు. మనిషిని కాదు, జాగాను కాపలా కాద్దామన్నాడు. నీ జాగాలోకి ఎవడొస్తే వాడు నీవాడు. రెవీ ఒప్పుకుని రక్షణ వరుస బాధ్యతంతా అతని చేతిలో పెట్టాడు. జాక్ మేనేజర్‌గా ఎప్పుడు మొదలయ్యాడని ఎవరైనా అడిగితే, ఉద్యోగ పత్రాల ప్రకారం 1973 అనాలి. నేనైతే స్వాన్సీ అంటాను.

సెంటర్ బ్యాక్ నిలబడే చోటు గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మైదానంలో ఆట మొత్తం ఎప్పుడూ ఎదురుగా కనిపించేది ఇద్దరికే: గోల్‌కీపర్‌కు, సెంటర్ బ్యాక్‌కు. ఫార్వర్డ్ ఎక్కువసేపు గోల్‌కు వీపు పెట్టి ఆడతాడు. మిడ్‌ఫీల్డర్ చుట్టూ నాలుగు వైపులా మనుషులుంటారు. సెంటర్ బ్యాక్ మాత్రం ప్రమాదం పుట్టేచోటి నుంచి తన మీదికి వచ్చేదాకా చూస్తూనే ఉంటాడు, చూస్తూ అరుస్తూనే ఉంటాడు. అందుకే డిఫెండర్లలో మేనేజర్లయినవాళ్లు తక్కువేమీ కాదు. జర్మనీ రక్షణ వరుసలో వెనకాల నుంచి ఆటను నడిపిన ఫ్రాంజ్ బెకెన్‌బావర్ 1974లో కెప్టెన్‌గా, 1990లో మేనేజర్‌గా ప్రపంచకప్ గెలిచాడు. అయితే బెకెన్‌బావర్ సొగసరి. బంతితో ముందుకు నడిచే దొర. జాక్ ఆ కోవకు చెందినవాడు కాడు. బంతి మీద తన పట్టు ఎంతో అతనికి బాగా తెలుసు. కాబట్టి అతని తెలివంతా ఎదుటివాడికి ఏది ఇబ్బందో కనిపెట్టడంలోనే పదునెక్కింది.

దానికి మంచి సాక్ష్యం లీడ్స్ కార్నర్ కిక్‌లు. ప్రత్యర్థి గోల్‌లైన్ దగ్గరికి వెళ్లి గోల్‌కీపర్ ముక్కుకు అడ్డంగా నిలబడేవాడు జాక్. ఆరడుగుల పైచిలుకు మనిషి. గోల్‌కీపర్‌కు బంతి కనిపించదు, ఎగరడానికి చోటు ఉండదు. నియమాలు అంతవరకూ ఊహించని పని అది. ఇప్పుడు ప్రతి జట్టూ చేస్తుంది గాని అప్పట్లో పెద్ద రభస. డిఫెండర్ అయ్యుండి లీడ్స్‌కు అతను కొట్టిన 96 గోల్స్‌లో ఈ ఉపాయానికి పెద్ద వాటానే ఉంది.

లీడ్స్ 1964లో మొదటి డివిజన్‌కు ఎక్కింది. 1965 ఏప్రిల్‌లో, ముప్పైకి నెల తక్కువ వయసులో జాక్ తొలిసారి ఇంగ్లండ్ జట్టులోకి వచ్చాడు. నన్నెందుకు తీసుకున్నారని అతను ఇంగ్లండ్ మేనేజర్ ఆల్ఫ్ రామ్సేనే అడిగాడట. నా దగ్గర ఒక ఆట తీరు ఉంది, దానికి సరిపోయేవాళ్లను ఎంచుకుంటాను, అన్నిసార్లూ అందరికంటే మంచి ఆటగాళ్లనే ఎంచుకోను అని రామ్సే జవాబు. వినేవాడికి చురుక్కుమనే మాట. జాక్ దాన్ని నవ్వుతూ పదిమందికీ చెప్పుకునేవాడు. చెప్పుకోవడంతో ఆగలేదు, దాన్ని సిద్ధాంతంగా దాచుకున్నాడు కూడా. ఇరవై ఏళ్ల తర్వాత ఐర్లాండ్‌లో దీని దెబ్బ ఎవరికి తగిలిందో చూస్తాం.

1966 జూలై 30న వెంబ్లీలో ఇంగ్లండ్ పశ్చిమ జర్మనీని 4-2తో ఓడించి ప్రపంచకప్ గెలిచింది. జట్టులో అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. లీడ్స్‌తో 1969లో లీగ్ టైటిల్, 1972లో ఎఫ్‌ఏ కప్, 1968లో, 1971లో యూరప్ ఫెయిర్స్ కప్ వచ్చాయి. 1973లో బూట్లు విప్పేనాటికి ఒకే క్లబ్బుకు 770 పైచిలుకు మ్యాచ్‌లు ఆడాడు. ఒకే చోట అన్నేళ్లుండడం, అదీ ఆట మొత్తం ఎదురుగా కనిపించే స్థానంలో!

మేనేజర్‌గా మొదటి మజిలీ మిడిల్స్‌బ్రో. రెండో డివిజన్ జట్టు. మొదటి ఏడాదే, 1973-74లో, 15 పాయింట్ల తేడాతో ఆ డివిజన్ గెలిచింది. అప్పట్లో గెలుపుకు రెండు పాయింట్లే కాబట్టి ఆ తేడా ఈనాటి కళ్లకు కనిపించేదానికంటే చాలా పెద్దది. పై డివిజన్‌లో లేని మేనేజర్‌కు ‘మేనేజర్ ఆఫ్ ది ఇయర్’ దక్కడం అదే మొదలు.

ఆ జట్టు ఆడిన తీరులోనే తర్వాతి కథంతా ఇమిడి ఉంది. ఇంగ్లిష్ జట్లు అప్పుడు ఆఫ్‌సైడ్ ఉచ్చును బాగా నమ్ముకునేవి. డిఫెండర్లంతా ఒకేసారి ముందుకు జరిగితే ప్రత్యర్థి ఫార్వర్డ్ వాళ్ల వెనక మిగిలిపోతాడు, రెఫరీ ఈల వేస్తాడు. ఈ ఉచ్చును ఎన్నోసార్లు పన్నినవాడు కాబట్టి అది ఎక్కడ తెగుతుందో జాక్‌కు తెలుసు. వరుస వెనక కాచుకుని ఉన్నవాడు దొరికిపోతాడు గాని, దూరం నుంచి పరుగెత్తుకొచ్చి బంతి కదిలాక వరుస దాటేవాడు దొరకడు. అలన్ ఫాగన్‌కు ఆ పని అప్పగించాడు. మధ్యలో నుంచి అతను దూసుకొస్తుంటే, ముందుకు జరిగిన డిఫెండర్లు వెనక్కి తిరిగేలోపే గోల్ అయిపోయేది. యువ గ్రేమ్ సూనెస్ పెద్ద ఆటగాడిగా ఎదిగిందీ ఇక్కడే.

తర్వాతి పదేళ్లు చకచకా చెప్పేయవచ్చు. 1977లో ఇంగ్లండ్ మేనేజర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. ఎంపిక చేయకపోవడం సరే, జవాబు కూడా రాలేదు. ఆ అవమానాన్ని అతను మరిచిపోలేదు. అదే ఏడాది మూడో డివిజన్ అడుగున ఉన్న షెఫీల్డ్ వెన్స్‌డేను చేపట్టి 1980లో పైకి తెచ్చాడు, 1983లో ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్‌కు తీసుకెళ్లాడు. న్యూకాజిల్‌లో ఒక్క సీజనే ఉన్నాడు. పాల్ గాస్కోయిన్‌ను తొలిసారి మైదానంలోకి దించింది అక్కడే. 1985 ఆగస్టులో, సీజన్‌కు ముందు జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో సొంత ప్రేక్షకులే తనకు వ్యతిరేకంగా అరుస్తుంటే విని రాజీనామా చేసేశాడు. తల్లి వంశానికి దేవాలయంలాంటి క్లబ్బు అది.

1986 ఫిబ్రవరిలో ఐర్లాండ్ ఫుట్‌బాల్ సంఘం మేనేజర్ కోసం ఓటింగ్ పెట్టింది. లివర్‌పూల్‌కు మూడు యూరోపియన్ కప్‌లు తెచ్చిన బాబ్ పైస్లీకి మొదటి విడతలో 18లో 9 ఓట్లు వచ్చాయి. ఇంకొక్కటి వస్తే చాలు. రాలేదు. ఓట్లు అటూ ఇటూ మారి చివరికి జాక్ గెలిచాడు. ఇంగ్లిష్ వ్యక్తి ఆ పదవిలోకి రావడం అదే మొదటిసారి. అంతవరకు ఐర్లాండ్ ఏ పెద్ద టోర్నీకీ అర్హత సాధించలేదు.

జాక్ గురించి ఎక్కువగా వినిపించే మాట: ఇంగ్లండ్‌లో, స్కాట్‌లాండ్‌లో పుట్టినవాళ్లకు ఐరిష్ నాయనమ్మలను, అమ్మమ్మలను వెతికిపెట్టి జట్టు నింపాడని. ఇది సగం నిజం. తల్లిదండ్రులో, తాతలో, అమ్మమ్మలో ఐర్లాండ్‌లో పుట్టి ఉంటే ఆ దేశానికి ఆడవచ్చన్న నియమం అతనికి ముందే ఉంది, అతనికి ముందే వాడుకున్నారు కూడా. బార్న్‌స్లీలో పుట్టిన మిక్ మెకార్తీ 1984 నుంచే ఐర్లాండ్ చొక్కా వేసుకుంటున్నాడు. జాక్ చేసిందల్లా ఆ పనిని పట్టుదలగా, సిగ్గుపడకుండా చేయడం. ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్‌లో ఆడుతున్న జాన్ ఆల్డ్రిడ్జ్‌తో మాట్లాడడానికి వెళ్తే, గ్లాస్గోలో పుట్టిన నా సహచరుడు రే హౌటన్ తండ్రి కూడా ఐర్లాండ్ మనిషేనని ఆల్డ్రిడ్జ్ చెప్పాడు. ఒక్క ప్రయాణంలో ఇద్దరు దొరికారు. తర్వాత ఈ హౌటన్ ఏం చేశాడో ఐర్లాండ్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అద్దెకు తెచ్చిన జట్టు అని వెక్కిరించినవాళ్లకు ఐర్లాండ్ చరిత్ర తెలియదనుకోవాలి. 1840ల కరవు నుంచి 1950ల నిరుద్యోగం దాకా తరాల తరబడి ఆ దేశం తన పిల్లలను ఓడలెక్కించి పంపించింది. గ్లాస్గో, లివర్‌పూల్, లండన్‌లలో ఐరిష్ పేర్లతో పెరిగిన పిల్లలు ఆ చరిత్ర ఫలితమే. వాళ్లు లేని జట్టునే అసంపూర్ణమనాలి.

ఇక ఆట. 1986 ప్రపంచకప్‌ను దగ్గరుండి చూసిన జాక్‌కు ఒక సంగతి తట్టింది. అన్ని జట్లూ ఇంచుమించు ఒకేలా ఆడుతున్నాయి. గోల్‌కీపర్ నుంచి డిఫెండర్‌కు, అక్కడి నుంచి మైదానం మధ్యలో ఉన్న నేర్పరికి, అతని నుంచి ముందుకు. ఫుల్‌బ్యాక్‌లు, అంటే రెండు అంచుల్లో ఉండే డిఫెండర్లు, ఆ అంచుల వెంట పైకి వెళ్లిపోతారు. ఆ తీరులో వాళ్లతో పోటీ పడితే అందులో ఆరితేరిన జట్లే గెలుస్తాయి. మరి ఆ మధ్యభాగంలో అసలు ఆడకపోతే?

అతని పద్ధతి వినడానికి చాలా సులువు. బంతి దొరకగానే దాన్ని ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్ తల మీదుగా, అతని వెనక మూలలోకి కొట్టాలి. ఇప్పుడు ఆ ఫుల్‌బ్యాక్ స్థితి ఊహించండి. ఆటంతా తన ముందు ఉండగా హాయిగా ఉన్న మనిషి ఒక్కసారిగా వెనక్కి తిరిగి సొంత గోల్ వైపు పరుగెత్తాలి. బంతి అందుకునేసరికి అతని మొహం తప్పు దిక్కున ఉంటుంది. వెనకాల బూట్ల చప్పుడు వినిపిస్తుంటుంది. బంతిని బయటికి తన్నితే ఐర్లాండ్‌కు త్రో, అదీ గోల్‌కు దగ్గరలో. తిరిగి ముందుకు ఆడబోతే ఇద్దరు మీదపడతారు. గోల్‌కీపర్‌కు వెనక్కి ఇస్తే అతను చేతుల్లోకి తీసుకుని దూరంగా కొడతాడు, ఆ బంతి కోసం ఐర్లాండ్ డిఫెండర్లు తలలెత్తి సిద్ధంగా ఉంటారు. మళ్లీ మొదటికి.

ఇది ఊరికే బంతిని ఎత్తి కొట్టే ఆటకు ఒక మెట్టు పైన. బంతి వెళ్లినచోటికి జట్టంతా కలిసి వెళ్లాలి. ఫార్వర్డ్ గోల్ కోసం కాదు, ముందు డిఫెండర్‌ను ఉక్కిరిబిక్కిరి చేయడం కోసం పరుగెత్తాలి. మిడ్‌ఫీల్డ్ దాని వెనకే, డిఫెండర్ల వరుస దాని వెనకే జరగాలి. సెంటర్ బ్యాక్‌గా గొప్ప పేరున్న పాల్ మెగ్రాను జాక్ చాలాసార్లు మిడ్‌ఫీల్డ్‌లో నిలబెట్టింది ఇందుకే: తిరిగొచ్చే బంతిని అక్కడే తుంచేయాలి. ఒత్తిడి పెట్టండి, వాళ్లను ఒత్తిడిలో పెట్టండి అన్నది అతని నోట నలిగిన మాట. ప్రత్యర్థి సగంలోనే బంతిని లాక్కోవాలన్న ఆలోచనకు ఈనాటి పెద్ద పెద్ద క్లబ్బుల్లో గొప్ప గౌరవం ఉంది. జాక్ దాన్ని కనిపెట్టాడని నేననను. కానీ అతని జట్టును మొరటు అని కొట్టిపారేసేవాళ్లు ఆ సగాన్ని చూడటం మరిచిపోతారు.

దీనికి చెల్లించిన ధర కూడా చెప్పాలి. ఆల్డ్రిడ్జ్ 1987-88లో లివర్‌పూల్‌కు లీగ్‌లోనే 26 గోల్స్ కొట్టాడు. అదే మనిషి ఐర్లాండ్‌కు మొదటి గోల్ కొట్టడానికి 20 మ్యాచ్‌లు పట్టింది. మూలల్లోకి పరుగులు తీసి తీసి గోల్ ముందుకు వచ్చేసరికి ఊపిరి మిగిలేది కాదు.

అదృష్టం సంగతికొస్తే, అది నిజంగానే తలుపు తట్టింది. 1988 యూరో (యూరప్ దేశాల కప్) అర్హత పోటీల్లో ఐర్లాండ్ తన మ్యాచ్‌లన్నీ ముగించుకుని కూర్చుంది. సొంత మైదానంలో బల్గేరియాకు చివరి మ్యాచ్‌లో డ్రా చాలు. అవతల స్కాట్‌లాండ్, దానికి గెలిచినా ఒరిగేదేమీ లేదు. 1987 నవంబర్‌లో సోఫియాలో మ్యాచ్ ముగియడానికి కొద్ది నిమిషాల ముందు గ్యారీ మకాయ్ అనే కొత్త ఆటగాడు గోల్ కొట్టాడు. ఐర్లాండ్ మొదటిసారి ఒక పెద్ద టోర్నీకి వెళ్లింది.

1988 జూన్ 12న స్టుట్‌గార్ట్‌లో మొదటి మ్యాచే ఇంగ్లండ్ మీద. ఆరో నిమిషంలో పడిన గోల్‌ను జాక్ ఆటకు నమూనాగా పెట్టుకోవచ్చు. దూరం నుంచి ఎత్తి కొట్టిన ఫ్రీ కిక్, అంచు నుంచి గోల్ ముందుకు మళ్లిన బంతి, కంగారులో ఇంగ్లండ్ డిఫెండర్ కెన్నీ సాన్సమ్ తన్నితే తిన్నగా పోకుండా గాల్లోకి లేవడం, ఆల్డ్రిడ్జ్ తలతో తోయడం, హౌటన్ తలతో లోపలికి పంపడం. ఎక్కడా నాలుగు వరస పాస్‌లు లేవు. ఉన్నదల్లా తప్పు దిక్కుకు తిరిగిన ఒక డిఫెండర్. మిగతా 84 నిమిషాలు గోల్‌కీపర్ ప్యాకీ బోనర్ కాపాడాడు. దరఖాస్తుకు జవాబు ఇవ్వని దేశం 1-0తో ఓడింది. తర్వాత సోవియట్ యూనియన్‌తో 1-1, నెదర్లాండ్స్ చేతిలో చివర్లో పడిన గోల్‌తో 0-1. ఆ ఇద్దరే ఫైనల్ ఆడారు.

మరి రామ్సే మాట? 1989 సెప్టెంబర్‌లో డబ్లిన్‌లో పశ్చిమ జర్మనీతో స్నేహపూర్వక మ్యాచ్. లియమ్ బ్రాడీ ఐర్లాండ్ కన్న అత్యంత సొగసైన మిడ్‌ఫీల్డర్లలో ఒకడు. బంతిని కాలి దగ్గర ఉంచుకుని, చుట్టూ చూసి, ఒక్క పాస్‌తో తాళం తీసే రకం. జాక్ ఆటలో సరిగ్గా ఆ చోటే ఖాళీ. సగం సమయం కూడా కాకముందే జాక్ అతన్ని బయటికి పిలిచాడు. బ్రాడీ అంతర్జాతీయ ఆట నుంచి తప్పుకున్నాడు. రామ్సే తీరుకు సరిపోయినందుకు తాను లోపలికి వచ్చిన జాక్, తన తీరుకు సరిపోనందుకు ఒక మేటి ఆటగాడిని బయటికి పంపాడు. తర్కం తప్పు పట్టలేం. సొంత ప్రేక్షకుల ముందు, విరామం దాకా కూడా ఆగకుండా పిలవడం మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు.

డేవిడ్ ఓలియరీది ఇంకో రకం గొడవ. 1986లో ఐస్‌లాండ్ పర్యటనకు మొదట పిలవలేదు. వేరేవాళ్లు తప్పుకున్నాక పిలిస్తే, కుటుంబంతో సెలవుకు వెళ్తున్నానని అతను రానన్నాడు. జాక్ రెండేళ్లకు పైగా అతని మొహం చూడలేదు. ఆర్సెనల్‌లో ఏళ్ల తరబడి వెన్నెముకగా ఉన్న డిఫెండర్ అతను. వేటు వేసింది మరో డిఫెండర్.

ఇప్పుడు 1990. కాలియారీలో ఇంగ్లండ్‌తో 1-1, పలెర్మోలో ఈజిప్టుతో 0-0, అక్కడే నెదర్లాండ్స్‌తో 1-1. ఈజిప్టు మ్యాచ్ చూసినవాళ్లకు అది ఒక శిక్ష. ఐరిష్ టీవీలో మాజీ ఆటగాడు ఏమన్ డన్ఫీ నిప్పులు కురిపించాడు. ఇంత మంచి ఆటగాళ్లుండి ఇలా ఆడతారా అన్నది అతని కోపం, దేశమంతా అతని మీద విరుచుకుపడింది. డన్ఫీ అన్నది తప్పని నేననుకోను. మెగ్రా, వీలన్, హౌటన్, షీడీ ఉన్న జట్టు ఇంకోలా కూడా ఆడగలిగేదే. అలా ఆడి ఉంటే క్వార్టర్ ఫైనల్ చేరేదా అన్నది ఎవరూ తేల్చలేని ప్రశ్న.

నెదర్లాండ్స్, ఐర్లాండ్ అన్ని లెక్కల్లోనూ సమానంగా నిలవడంతో రెండో స్థానానికి చీటీ తీశారు. ఐర్లాండ్‌కు వచ్చింది. నెదర్లాండ్స్ వెళ్లి జర్మనీ చేతిలో పడింది. ఐర్లాండ్‌కు జెనోవాలో రొమేనియా ఎదురైంది. 0-0, పెనాల్టీ షూటౌట్. టిమోఫ్టె కొట్టినదాన్ని బోనర్ ఆపాడు. ఇక మిగిలింది ఐర్లాండ్ ఐదో కిక్. దాన్ని తీసుకోవడానికి నడిచొచ్చిన మనిషి, అదనపు సమయంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన డేవిడ్ ఓలియరీ. రెండేళ్లు వాకిట్లో నిలబెట్టిన మేనేజర్ పరువు అతని కాలి మీద ఉంది. బంతి లోపలికి వెళ్లింది. రోమ్‌లో క్వార్టర్ ఫైనల్‌కు ముందు జట్టంతా వాటికన్ వెళ్లి పోప్ రెండో జాన్ పాల్‌ను కలిసింది. తర్వాత ఇటలీ ఆటగాడు స్కిలాచి గోల్‌తో కథ ముగిసింది.

ఆ ప్రపంచకప్ మొత్తం నీరసంగా సాగిందన్న విమర్శ వచ్చింది. వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేతుల్లోకి తీసుకుని కాలం గడపడం మీద చాలామందికి విసుగు పుట్టింది. అందుకు ఉదాహరణగా ఇప్పటికీ ఐర్లాండ్-ఈజిప్టు మ్యాచ్‌నే చూపిస్తారు. 1992లో నియమం మారింది: సహచరుడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో తాకకూడదు. జాక్ ఆట మీద వేసిన దెబ్బలా కనిపిస్తుంది గాని, ఇది రెండంచుల కత్తి. ఐర్లాండ్ వాడుకున్న ఆశ్రయం పోయిన మాట నిజమే. కానీ వెనక్కి తిరిగి పరుగెత్తే ఫుల్‌బ్యాక్‌కున్న ఒకే ఒక్క తప్పించుకునే దారి కూడా దాంతోనే మూసుకుపోయింది. 1993 ఆగస్టులో ఫిఫా ర్యాంకింగ్స్‌లో ఐర్లాండ్ ఆరో స్థానానికి ఎక్కింది.

1994 ప్రపంచకప్ అర్హత 1993 నవంబర్‌లో బెల్‌ఫాస్ట్‌లో, బ్రిటన్ పాలనలోనే ఉండిపోయిన ఉత్తర ఐర్లాండ్ మీద ఆడిన మ్యాచ్‌లో తేలింది. తుపాకుల నీడలో, నిండా ద్వేషంతో ఉన్న స్టేడియంలో 1-1. అమెరికాలో జెయింట్స్ స్టేడియంలో జూన్ 18న ఇటలీని 1-0తో ఓడించారు. గోల్ మళ్లీ హౌటన్‌దే. ఆ రోజు మోకాళ్లు సహకరించని మెగ్రా ఆడిన ఆట డిఫెండర్ల కళకు నిలువుటద్దం. అదే రాత్రి ఉత్తర ఐర్లాండ్‌లోని లాక్‌ఇన్‌ఐలండ్ అనే పల్లెలో, ఒక పబ్బులో ఆ మ్యాచ్ చూస్తున్న ఆరుగురిని సాయుధులు కాల్చి చంపారు.

ఓర్లాండో మండుటెండలో మెక్సికో చేతిలో ఓడిన రోజు, ఆల్డ్రిడ్జ్‌ను దించడానికి అధికారులు ఆలస్యం చేస్తే జాక్ గీత దగ్గర రంకెలు వేశాడు. తర్వాతి మ్యాచ్‌కు అతన్ని మైదానం అంచుకు రానివ్వలేదు. రెండో రౌండ్‌లో నెదర్లాండ్స్ ఇంటికి పంపింది. రోజంతా పరుగెత్తి ఒత్తిడి పెట్టే ఆటకు ఎండే మొదటి శత్రువు. రెండోది వయసు. 1995లో లీష్టెన్‌స్టైన్‌తో 0-0, ఆస్ట్రియా చేతిలో రెండుసార్లు 1-3. డిసెంబర్ 13న లివర్‌పూల్‌లోని ఆన్‌ఫీల్డ్‌లో యూరో ప్లేఆఫ్. నెదర్లాండ్స్ కుర్రాడు పాట్రిక్ క్లైవర్ట్ రెండు గోల్స్ కొట్టాడు. జాక్ సైన్యం కాళ్లు ఈడుస్తుంటే ఎదుటి కుర్రాళ్లు మైదానం మధ్యలో, అతను పదేళ్లుగా ఎవరినీ ఆడనివ్వని ఆ చోటే, తీరిగ్గా బంతి అటూ ఇటూ తిప్పుకున్నారు.

ఆ మ్యాచ్ అయిన కొద్దికాలానికే అతను తప్పుకున్నాడు. అతని చోటికి వచ్చింది మరో సెంటర్ బ్యాక్, 1990 జట్టు కెప్టెన్ మిక్ మెకార్తీ. ఐర్లాండ్ ప్రభుత్వం జాక్‌కు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. ఆ తర్వాత అతను ఏ జట్టుకూ మేనేజర్ కాలేదు. చేపలు పట్టుకున్నాడు. ఐర్లాండ్ పబ్బుల్లో, దుకాణాల్లో అతను చెక్కు రాసిస్తే దాన్ని బ్యాంకులో వేయకుండా సంతకం కోసం గోడకు తగిలించుకునేవారట.

2020 జూలై 10న, 85 ఏళ్ల వయసులో చనిపోయాడు. కార్క్ విమానాశ్రయంలో అతని కంచు విగ్రహం ఒకటి ఉంది. కాలి దగ్గర బంతి లేదు. టోపీ పెట్టుకుని కూర్చున్నాడు, చేతుల్లో ఒక పెద్ద సాల్మన్ చేప ఉంది.